జర్మనీలో మనవలకు కానుకలు ఎప్పుడు: 24 సాయంత్రమా, 25 ఆరాధన తరువాతా?

ఫ్రేజర్ టౌన్, బెంగళూరు:
మాది గుంటూరు లూథరన్ కుటుంబం. 22 ఏళ్లుగా బెంగళూరులో ఉంటున్నాము. మా అబ్బాయి, కోడలు, ఇద్దరు మనవలు నాలుగేళ్ల క్రితం జర్మనీలోని న్యూరెంబర్గ్‌కు వెళ్లారు. అక్కడ అందరూ డిసెంబరు 24 సాయంత్రమే కానుకలు విప్పుతారు కాబట్టి తామూ అలాగే చేస్తామని పిల్లలు కిందటి ఏడాది నుంచి పట్టుబడుతున్నారు. మన ఇళ్లలో 24 రాత్రికి పండుగ ఇంకా గడప తొక్కదు. క్యారల్స్ బృందం వచ్చి పాడి వెళ్లాలి, అర్ధరాత్రి ఆరాధన జరగాలి, తెల్లవారి కొత్తబట్టలతో గుడికి వెళ్లి రావాలి, ఆ తరువాతే ఏదైనా. దేశం మారినంత మాత్రాన ఈ వరుస మార్చకూడదని, పిల్లలను 25 దాకా ఆపవలసిందేనని నా అభిప్రాయం. కోడలు ఏమీ అనడం లేదు. అబ్బాయి మాత్రం "ఇక్కడి సంగతి మీకు తెలియదు నాన్నా" అంటున్నాడు. తెలిసినవారు చెప్పగలరు.

జయనగర్, బెంగళూరు:
మేము ఆరేళ్లు మ్యూనిక్‌లో ఉండి వచ్చాము. మీ అబ్బాయి అన్నది నిజమేనండీ. అక్కడ పండుగ ఒక్క రోజున ఊడిపడదు. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు వారానికొక కొవ్వొత్తి చొప్పున వెలిగిస్తూ పోతారు. డిసెంబరు 5 రాత్రి పిల్లలు బూట్లు శుభ్రంగా తుడిచి గుమ్మం దగ్గర పెట్టి పడుకుంటే తెల్లవారేసరికి వాటిలో అక్రోట్లు, నారింజలు, చాక్లెట్లు ఉంటాయి. ఈ ఎదురుచూపంతా 24 సాయంత్రానికి వచ్చి ఆగుతుంది. మ్యూనిక్, న్యూరెంబర్గ్ ఉన్న బవేరియా రాష్ట్రంలో చాలా ఇళ్లకు కానుకలు తెచ్చేది శాంటా తాత కాదు, క్రిస్ట్‌కిండ్, అంటే బాలక్రీస్తు. పెద్దలు గది తలుపు మూసి చెట్టు అలంకరించి, అంతా సిద్ధమయ్యాక చిన్న గంట మోగిస్తారు. అది విన్నాకే పిల్లలు లోపలికి పరుగెత్తుతారు. బడిలోనూ పక్కింట్లోనూ నెల్లాళ్లపాటు ఇదే మాట విన్న పిల్లవాడితో, ఆ గంట మన ఇంట్లో మాత్రం మోగదని చెబితే వాడికి అది ఆచారంలా కాక శిక్షలా తోస్తుంది.

మేమూ మొదటి ఏడాది 25నే పట్టుకుని కూర్చున్నాము. 24 మధ్యాహ్నం రెండింటికల్లా దుకాణాలు మూసేస్తారని, 25, 26 రెండూ సెలవులేనని తెలియక పాలు కూడా కొనలేదు. సాయంత్రం ఐదింటికి చీకటి పడింది. వీధిలో పిట్ట మనిషి లేడు, ఎదురింటి కిటికీలన్నిటా దీపాలు. రాత్రి పదయ్యాక చప్పుడు చేయకూడని దేశం కనుక మన క్యారల్స్ డప్పు అక్కడ ఊహకైనా అందదు. అరిసెలైనా వండుదామని మా ఆవిడ ఏషియన్ స్టోర్‌లో కొన్న పొడి బియ్యప్పిండిని పాకంలో కలిపింది. నూనెలో వేసిన ప్రతి అరిసే విచ్చిపోయి, పొగకు అలారం మోగి, పైఅంతస్తు ముసలాయన దిగి వచ్చాడు. (తడిపిండి లేకుండా అరిసె నిలవదని మా అమ్మ ఫోనులో తీరిగ్గా చెప్పింది.) రెండో ఏడాది నుంచి 24 సాయంత్రం వాళ్ల పద్ధతిలో కానుకలు, 25 మధ్యాహ్నం తెలిసిన తెలుగువాళ్లందరికీ మా ఇంట భోజనాలు. మా పిల్లలు ఇప్పటికీ రెండింటినీ తలుచుకుంటారు.

పెరంబూరు, చెన్నై:
జయనగర్ వారితో నేను ఏకీభవించలేను. తేదీ చిన్న విషయమే, కానీ ఒకటి వదిలిన ఇంట్లో రెండోదీ జారిపోవడం నేను చూశాను. మా అన్నయ్య పిల్లలు విదేశం నుంచి పండుగకు వచ్చినప్పుడు, సంఘమంతా లేచి కీర్తన పాడుతుంటే చిన్నది పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని నిలబడింది. మద్రాసులో మాది నాలుగో తరం. గుమ్మం దాటితే అంతా తమిళమే. అయినా మా పిల్లలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు చూడకుండా పాడతారంటే, వాళ్లు మూతి ముడిచిన రోజుల్లో కూడా మా నాన్నగారు వెనక్కి తగ్గలేదు కాబట్టే. ఏడాదికొక భోజనంతో అది నిలుస్తుందంటే నమ్మను.

రిచర్డ్స్ టౌన్, బెంగళూరు:
ఒక్క మాట. గుంటూరులో లూథరన్ మిషన్‌కు పునాది వేసిన ఫాదర్ హేయర్ పుట్టింది జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లోనే; అమెరికా వెళ్లి స్థిరపడి, అక్కడి నుంచి 1842 జులై 31న గుంటూరు చేరారు. మనం అలంకరించే క్రిస్మస్ చెట్టు కూడా జర్మన్ ఇళ్లలో మొదలైనదే. మనవలు ఆచారం తప్పుతున్నారని తాతగారు అంత గట్టిగా అనడం నాకు కొంచెం వింతగా ఉంది.

పెరంబూరు, చెన్నై:
చెట్టు అటునుంచి వచ్చిందే, కాదనను. కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం వేసుకున్నది మాత్రం మనవాళ్లు. న్యూరెంబర్గ్ అంగడిలో దొరకనిది అదే. కానుకలు ఎప్పుడైనా విప్పుకోనివ్వండి, విప్పే ముందు ఒక్క కీర్తన పాడించండి.

ఫ్రేజర్ టౌన్, బెంగళూరు:
ఈ మాట నాకు నచ్చింది. చలికాలంలో జర్మనీ మనకంటే నాలుగున్నర గంటలు వెనుక. ఇక్కడ అర్ధరాత్రి పన్నెండయ్యేసరికి అక్కడ 24 సాయంత్రం ఏడున్నర. ఆ వేళకు వీడియోలో మాతో కలిసి ఒక కీర్తన పాడి, వెంటనే కానుకలు విప్పుకోమని రాశాను. అబ్బాయి సరేనన్నాడు. చిన్నవాడు అంతదాకా ఆగడని కోడలు అంటోంది. వాళ్ల పక్కింట్లో గంట ఐదింటికే మోగుతుందట.