మోకాలెత్తు గోడల రోమన్ కోటలో పిల్లలకు ఏం చూపించాలి? అందులో చంద్రగిరికి పనికొచ్చేదేంటి?

తరగతి_తిరుపతి (ప్రశ్న):

డిగ్రీ పిల్లలకు రెండు పూటల కార్యక్రమం పెట్టుకున్నాం. పొద్దున తిరుపతిలో స్లయిడ్లు వేసి ఇంగ్లండు ఉత్తరాన రోమన్లు కట్టిన సరిహద్దు గోడ, అదే హేడ్రియన్ గోడ, దాని మీది కోటలు, అందులోనూ హౌస్‌స్టెడ్స్ అనే కోట గురించి చెప్పాలి. సాయంత్రం చంద్రగిరి కోటగోడ దగ్గర నిలబడి మాట్లాడాలి. చిక్కల్లా ఒకటే. మూడంతస్తుల రాజమహల్ చూసి పెరిగిన పిల్లలకు ఆ రోమన్ ఫొటోలు పునాదులు వేసి డబ్బుల్లేక ఆపేసిన ఇల్లులా కనిపిస్తాయి.

తెలిసినవాళ్ళు మూడు సంగతులు చెప్పండి. ఆ కోటలో ఏది ముందు చూపించాలి, ఏది తరవాత? ఆ రాళ్ళు చెదరకుండా ఉండటానికి అక్కడ ఏం చేస్తున్నారు? గోడల నెత్తిన పచ్చిక పరుస్తారని విన్నాను, చంద్రగిరిలో అది కుదురుతుందా?

పునాదిచూపు:

గోడ ఎత్తు కాదు సార్, గడప చూడమనండి.

లెక్కలు ఒక్క స్లయిడులో తేల్చేయండి. గోడ పని క్రీ.శ. 122లో మొదలైంది. పొడవు 80 రోమన్ మైళ్ళు, అంటే దాదాపు 117 కిలోమీటర్లు. ప్రతి రోమన్ మైలుకు ఒక చిన్న ఠాణా, రెండు ఠాణాల నడుమ రెండు బురుజులు. హౌస్‌స్టెడ్స్ కోట విస్తీర్ణం సుమారు 5 ఎకరాలు, అందులో దాదాపు 800 మంది సైనికులు. హెక్టార్లలో చెప్పకండి, 5 ఎకరాల్లో 800 మంది అంటే మన పిల్లలకు ఇట్టే తెలుస్తుంది.

ఇక నడక. ద్వారం దగ్గర మొదలుపెట్టండి. గడపరాయి మీద బండిచక్రాలు అరగదీసిన గాడులు, తలుపు ఇరుసు తిరిగిన గుంత కనిపిస్తాయి. ఆ రెంటినీ దగ్గరగా తీసిన ఫొటో పది దూరపు ఫొటోల పెట్టు. గుంత ఎటువైపు ఉంది, తలుపు ఎటు తెరుచుకుంది, అడ్డగడియ ఎక్కడ పడేది అని పిల్లల చేతనే చెప్పించండి.

తరవాత ధాన్యపు కొట్లు. లోపల వరసగా పొట్టి రాతి దిమ్మెలుంటాయి. అవి స్తంభాలు విరిగిన మొండేలు కావు, వాటి ఎత్తే అంత. వాటి మీద నేల పరిచి కింద గాలి ఆడనిచ్చారు, గింజలకు చెమ్మ తగలకుండా. మన దగ్గర గాదెను నాలుగు రాళ్ళ మీద ఎందుకు నిలబెడతారో అందుకే. గోడకు బయట ఆనించిన ఆసరా దిమ్మెలు కూడా చూపించండి, పైకప్పు ఎంత బరువో చెప్పేవి అవే.

నడిమధ్య ఉన్న ప్రధాన కార్యాలయం, దాని పక్కన అధిపతి ఇల్లు ఒక్క నిమిషంలో దాటేయొచ్చు. పిల్లలు ఎక్కువసేపు ఆగేది ఆగ్నేయ మూలన ఉన్న మరుగుదొడ్డి దగ్గర. వాలులో ఉన్న కోటకు అదే పల్లపు మూల కాబట్టి నీళ్ళన్నీ అటే దిగుతాయి. తొట్లలో పట్టిన వాననీటిని లోతు కాలువలోకి వదిలి కడిగేవాళ్ళు. కూర్చునే చెక్కలు ఎప్పుడో కుళ్ళిపోయాయి, మిగిలింది కాలువ. చెక్క పోయి రాయి మిగలడం ఆ కోట మొత్తానికీ వర్తిస్తుంది, ఇక్కడే చెప్పేయండి.

చివర్లో ఉత్తరపు అంచున ఒక బురుజు పునాది, 36బి అంటారు. అది కోట కట్టడం కింద పడి ఉంది. అంటే ముందు గోడ, బురుజులు కట్టుకుంటూ వచ్చారు, తరవాత మనసు మార్చుకుని కోటలను గోడ మీదికే తెచ్చారు. ఏ శాసనమూ లేకుండా రాయి కింద రాయి చూసి ఒక నిర్ణయం మారిందని పట్టుకోవడం తరగతికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

గోడలు ఎందుకంత పొట్టి అని తప్పకుండా అడుగుతారు. కూలిపోవడం కొంత, ఎత్తుకుపోవడం ఎక్కువ. చుట్టుపక్కల ఇళ్ళకు, పొలంగట్లకు, చర్చీలకు ఆ చెక్కుడు రాళ్ళే పోయాయి. 1750లలో వేసిన సైనిక రహదారి చాలాచోట్ల గోడ మీదనే వెళ్ళింది.

గానుగసున్నం:

పైన చెప్పినదానికి ఒక సవరణ. ఫొటోల్లో కనిపించే గోడంతా రోమన్లు పేర్చిందే అనుకోకండి. 19వ శతాబ్దంలో జాన్ క్లేటన్ అనే ఆయన ఆ భూములు ఒక్కొక్కటే కొని, కిందపడ్డ చెక్కుడు రాళ్ళను ఏరించి, సున్నం లేకుండా మళ్ళీ పేర్పించి, నెత్తిన పచ్చిక పరిపించాడు. పోస్టుకార్డుల మీద అందంగా కనిపించేది చాలావరకు ఆ గోడే. 20వ శతాబ్దంలో ప్రభుత్వం చేతికి వచ్చిన భాగాల్లో పద్ధతి వేరు: ఎక్కడ రాయి అక్కడే, ఎత్తు పెంచడం లేదు, లోపలి నింపుడును సున్నంతో బిగించారు. పక్కపక్క ఫొటోలు పెడితే తేడా తెలిసిపోతుంది.

ఇప్పుడు రెండో ప్రశ్న. రెండు వైపులా చెక్కుడు రాళ్ళు, నడుమ మన్నూ సున్నమూ కలిపిన రాళ్ళ నింపుడు, అదీ ఆ గోడ. పైకప్పు ఉన్నప్పుడో, పూర్తి ఎత్తు ఉన్నప్పుడో ఆ నింపుడుకు వాన తగల్లేదు. నెత్తి విరిగాక అది నోరు తెరిచిన కుండ. నీళ్ళు దిగుతాయి, చలికి గడ్డకడతాయి. గడ్డకట్టిన నీరు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, ముఖపు రాయిని బయటికి తోస్తుంది. ఏడాదికేడాది కొంచెం కొంచెంగా.

దానికి చేసేది రెండు రకాలు. ఒకటి గట్టి మూత: పై వరస రాళ్ళను సున్నంతో కూర్చి నీళ్ళు ఆగకుండా అటూ ఇటూ వాటం ఇవ్వడం. రెండోది మెత్తటి మూత, మీరు విన్న పచ్చిక అదే. 10 సెంటీమీటర్ల అటూ ఇటూ మన్ను, దాని మీద గడ్డిచెక్కలు. మన్ను తడిని పట్టుకుని మెల్లగా వదులుతుంది, గోడ నెత్తిన చలీ ఎండా ఒక్కసారిగా మారకుండా చూస్తుంది. గట్టి మూత పగిలితే పగులు లోంచి నీళ్ళు లోపలికి పోతాయి, పైకి ఏమీ కనపడదు. గడ్డి మూత చెడితే ఎండిన మచ్చ కనిపిస్తుంది. అందుకే ఆ వాతావరణంలో రెండోదే మేలంటాను.

సందుల్లో మాత్రం సిమెంటు పెట్టకూడదు. అది రాయికంటే గట్టిది, నీటిని వదలదు. గోడలో చేరిన తేమ సందులోంచి పోలేక రాతి ముఖంలోంచి పోతుంది, లవణాలన్నీ అక్కడే పేరుకుని రాయి పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. చివరికి సిమెంటు గీతలు జాలీలా నిలబడి నడుమ రాయి గుంటపడుతుంది. ఇసుకరాతికి ఈ జబ్బు త్వరగా వస్తుంది. మామూలుగా వాడే పాళ్ళు సున్నం 1, ఇసుక రెండున్నర నుంచి 3. ఇసుక గరుకుగా, కడిగినదై ఉండాలి.

తరగతి_తిరుపతి:

చాలా బాగా చెప్పారన్నా. అయితే చంద్రగిరిలో గోడ మీద గడ్డి పరిస్తే?

గానుగసున్నం:

వద్దు సార్. మూడు కారణాలు.

ఒకటి, ఇక్కడ మంచు లేదు. ఆ మందు ఏ జబ్బుకో ఆ జబ్బే లేదు. రెండు, ఏప్రిల్, మే ఎండలకు 10 సెంటీమీటర్ల మన్ను బూడిదవుతుంది, గడ్డి పోయి బోడి మన్ను మిగులుతుంది. మూడోది అసలైన ప్రమాదం: ఆ మన్నులో కాకి వేసిన రావి గింజ పడుతుంది. మన కోటలకు మంచు చేసే పని రావి, మర్రి, మేడి వేళ్ళు చేస్తాయి. గడ్డి మూత పెట్టడమంటే రావికి నారుమడి పోసివ్వడమే.

పైగా కట్టుబడి వేరు. చంద్రగిరి కోటగోడలో పెద్ద గ్రానైటు బండలను సున్నం లేకుండా ఒకదానికొకటి కూర్చారు. అలాంటి గోడకు వెనక మన్ను దన్నుగా ఉన్న చోట నీళ్ళు బయటికి పోయే దారి ఆ సందులే. చూడ్డానికి బాగుంటుందని సందులు పూడిస్తే, ఈశాన్య రుతుపవనాల్లో వెనక మన్ను నాని నీరు ఆగుతుంది, గోడ కడుపు ఉబ్బుతుంది. సిమెంటైనా సున్నమైనా అదే ఫలితం. రాజమహల్ సంగతి వేరు, అది రాయి, ఇటుక, సున్నంతో కట్టింది. అలాంటి కట్టడాల పైకప్పుకు గానుగ సున్నమే సరి: సున్నం 1, ఇటుక పొడి 1, ఇసుక 1, కరక్కాయ బెల్లం నానబెట్టిన నీళ్ళతో. వేశాక కనీసం 10 రోజులు తడి గోనెలు కప్పి ఉంచాలి. ఎండలో వేసి వదిలేస్తే నెర్రెలు తప్పవు.

రావి మొక్క విషయం పిల్లలకు గట్టిగా చెప్పండి: పీకకూడదు. వేలెడు మొక్కకు మూరెడు వేరు ఉంటుంది, అది రెండు రాళ్ళను పట్టుకుని ఉంటుంది. పీకితే మొక్కతోపాటు రాయీ వస్తుంది. మొదలంటా కోసి, పచ్చిగా ఉండగానే కోత మీద మందు పెట్టి, వేరు లోపలే చచ్చేదాకా ఆగాలి. ఎండిపోయాక ఆ సందు సంగతి చూడాలి. కోసి మందు పెట్టకపోతే ఒక్క కొమ్మ ఉన్నచోట అయిదు చిగుళ్ళు వస్తాయి. ఏ మందు, ఎంత గాఢత అన్నది పురావస్తు శాఖ రసాయన విభాగం తేల్చే మాట.

సరిహద్దుపిచ్చి:

మోకాలెత్తు గోడలతో విసుగొస్తుందనే కదా మీ భయం. ఆ భయంతోనే కొన్నిచోట్ల కోటను తిరిగి కట్టారు, దాని మీద రెండు స్లయిడ్లు పెట్టండి. జర్మనీలో బాడ్ హోంబర్గ్ దగ్గర జాల్‌బుర్గ్ కోటను రెండో విల్‌హెల్మ్ చక్రవర్తి అండతో 1897 నుంచి 1907 దాకా పునాదుల మీదనే కట్టారు. చూడ్డానికి దివ్యంగా ఉంటుంది. కానీ గోడను బోడి రాయిగా వదిలేశారు. అసలు కోటకు తెల్లటి పూత పూసి, దాని మీద ఎర్ర గీతలతో రాళ్ళ సందులు గీసేవాళ్ళు. చూసినవాళ్ళ మనసులో మాత్రం బోడి రాయే ముద్రపడిపోతుంది. ఇంగ్లండులోని సౌత్ షీల్డ్స్ రోమన్ కోటలో 1986లో పడమటి ద్వారం కట్టారు, అదీ అసలు పునాది మీదే. నా మట్టుకు నాకు తిరిగి కట్టాలంటే పక్క ఖాళీ స్థలంలో కట్టుకోవాలి, పునాది మీద కాదు. తప్పని తేలితే విప్పడానికి వీలుండాలి.

హేడ్రియన్ గోడకు దగ్గర్లోనే ఉన్న విండోలాండా కోట ఒక్కటి వదిలిపెట్టకండి. అక్కడ ఒకదాని మీద ఒకటి కనీసం తొమ్మిది కోటలు. అడుగు పొరలు గాలి తగలని తడినేల కావడంతో చెక్క, తోలు కుళ్ళలేదు. 1973లో సిరాతో రాసిన పలుచటి చెక్క పలకలు బయటపడ్డాయి. వాటిలో క్రీ.శ. 100 ప్రాంతంలో ఒక అధికారి భార్య క్లాడియా సెవెరా తన పుట్టినరోజుకు రమ్మని స్నేహితురాలికి రాసిన పిలుపు ఒకటి. ఆ నేల ఎండితే తవ్వనివి కూడా పోతాయి. అందుకే అక్కడ గోడ రాళ్ళకంటే నేలలో తడి ముఖ్యం.

బాటకాపు:

నడిచేవాళ్ళు చేసే చెరుపు గురించి ఎవరూ చెప్పలేదు. 2003లో గోడ వెంట 135 కిలోమీటర్ల నడకదారి తెరిచారు. దారి కింద తవ్వని పొరలున్నాయి, వాటికి కప్పు పచ్చికే. అందరూ ఒకరి వెనక ఒకరు నడిస్తే ఆ గీతలో గడ్డి చచ్చి, వాన కాలువ కట్టి, పొరలు బయటపడతాయి. అందుకే అక్కడ పక్కపక్కన పరుచుకుని నడవమంటారు. నడిచినవాళ్ళు ముద్రలు వేయించుకునే పుస్తకం మే 1 నుంచి అక్టోబరు 31 వరకే చెల్లుతుంది. తడి నెలల్లో జనాన్ని రానీయకుండా అదొక ఉపాయం. బోర్డు పెట్టి వద్దనడంకంటే ఇది నయం.

మన దగ్గర నడకకంటే పెద్ద బెడద గుప్తనిధుల తవ్వకం. గోడ మొదట్లో రాత్రికి రాత్రి తీసిన గుంత పునాది కింద మన్నును వదులు చేస్తుంది, తరవాతి వానకు నీళ్ళు అక్కడే నిలుస్తాయి. నిధి దొరికినా చెప్పి తీరాలని 1878 నాటి చట్టమే ఉంది. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే 2010 సవరణ తరవాత రెండేళ్ళ వరకు జైలు, లక్ష దాకా జరిమానా. కట్టడం హద్దు నుంచి 100 మీటర్లలో నిర్మాణం నిషేధం, ఆపైన 200 మీటర్లలో అనుమతితోనే. కాబట్టి పిల్లల చేత గోడ మీద ఏ పనీ చేయించకండి, మొక్క కొయ్యడం కూడా.

ముట్టుకోకుండా చేయగలిగింది ఒకటుంది. గోడలో ఉబ్బినట్టున్న నాలుగైదు చోట్లు ఎంచుకోండి. ప్రతిచోటికీ ఎదురుగా కదలని బండ మీదో మైలురాయి పక్కనో నిలబడే చోటు ఖాయం చేసి రాసిపెట్టుకోండి. సెప్టెంబరు చివర్లో ఒకసారి, వానలు వెలిసాక జనవరిలో ఒకసారి, అదే ఎత్తు నుంచి, జూమ్ లేకుండా, పొద్దున ఒకే వేళకు ఫొటో తీయండి. కొలబద్ద ఫ్రేములో ఉండాలి, గోడకు ఆనించకుండా ముందు నిలబెట్టాలి. నీడలు మారితే ఉబ్బు పెరిగిందో లేదో తేలదు, అందుకే వేళ ముఖ్యం. మూడేళ్ళ ఫొటోలు వరసగా పెట్టి మ్యూజియం కార్యాలయంలో రాతపూర్వకంగా ఇస్తే దానికో విలువ ఉంటుంది.

తరగతి_తిరుపతి:

మైలురాళ్ళు రోడ్డు వెడల్పు చేసినప్పుడు పీకేస్తారేమో, బండలే ఎంచుకుంటాం. స్లయిడ్లలో గడపరాయి ముందుకు జరిపాను. కొలబద్ద 1 మీటరుది చాలా, 2 మీటర్లది కావాలా?

బాటకాపు:

2 మీటర్లది. 20 సెంటీమీటర్లకొకటి ఎరుపు తెలుపు పట్టీలు వేయించండి, దూరం నుంచి లెక్కపెట్టడానికి వీలుగా ఉంటుంది.