మ్యూనిక్ దగ్గర జనం తక్కువుండే పాత ఊరు ఏది?

ప్రశ్న:
అందరికీ నమస్తే. మాస్టర్స్‌కి మ్యూనిక్ వచ్చి నెల దాటింది. శనివారం పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగొచ్చేలా ప్రశాంతమైన పాత ఊరు ఏదైనా ఉందా? అందరూ రోథెన్‌బర్గ్ అంటున్నారు. నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ ఉంది. గుడ్డు కూడా తినను.

జవాబు:
తమ్ముడూ, రోథెన్‌బర్గ్ బాగుంటుంది, కాదనను. కానీ శనివారం మధ్యాహ్నం అక్కడ తిరగడమంటే తిరుమల క్యూలైన్లో నడిచినట్టే. నువ్వు నోర్డ్‌లింగెన్ వెళ్ళు. ఆగ్స్‌బర్గ్ మీదుగా డోనావర్త్ దాకా ఒక బండి, అక్కడ దిగి ఇంకోటి. రీజనల్ రైళ్ళలో నీ టికెట్ చెల్లుతుంది. తొందరపడి ఐసీఈ (హైస్పీడ్ రైలు) ఎక్కావో, ఫైన్ 60 యూరోల నుంచి మొదలు. వారాంతాల్లో పట్టాల పనులంటూ రైలు బదులు బస్సు వేయడం ఇక్కడ మామూలే, ముందురోజు రాత్రే యాప్‌లో చూసుకో.

ఆ ఊరున్నది దాదాపు కోటిన్నర ఏళ్ళ కిందట ఉల్క పడి ఏర్పడిన గుంటలో. మహారాష్ట్రలో ఉల్క పడి ఏర్పడిన మన లోణార్ గుంట వెడల్పు రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. ఇది దాదాపు 25 కిలోమీటర్లు, అందుకే కింద నిలబడితే ఏమీ తెలియదు. ముందు సెయింట్ జార్జ్ చర్చి గోపురం ఎక్కు. ఊళ్ళోవాళ్ళు దాన్ని డానియేల్ అంటారు. 350 మెట్లు, మోకాళ్ళు గుర్తుచేస్తాయి. పైనుంచి ఎర్ర పెంకుల ఊరంతా గుండ్రంగా కనబడుతుంది, దూరంగా చుట్టూ కొండల వరస ఉంటుంది. అదే గుంట అంచు.

దిగాక చర్చి గోడ దగ్గరికెళ్ళి రాయి చూడు. బూడిదరంగు రాతిలో అక్కడక్కడా నల్లటి గాజు ముక్కలు పొదిగినట్టుంటాయి. ఉల్క దెబ్బకి కరిగి గడ్డకట్టిన రాయి అది. కంటికి ఆనని వజ్రాలు కూడా అందులో ఉన్నాయి, గోళ్ళతో గీకకు! 1970లో, చంద్రుడి మీదకి వెళ్ళబోయే అపోలో 14 వ్యోమగాములకి రాళ్ళు గుర్తుపట్టడం నేర్పింది ఈ ప్రాంతంలోనే. ఆ వివరాలు రీస్‌క్రేటర్ మ్యూజియంలో ఉంటాయి, సోమవారం సెలవు.

ఇక కోటగోడ. పైన కప్పుతో, ఎక్కడా తెగకుండా ఊరంతా చుట్టొచ్చు, రెండున్నర కిలోమీటర్ల పైమాటే. పైసా అక్కర్లేదు. దీన్ని కట్టమని 1327లో ఆజ్ఞ ఇచ్చారట, అంటే ఓరుగల్లు ఢిల్లీ సైన్యానికి పడిపోయిన నాలుగేళ్ళకి. గోడ మీంచి జనాల పెరళ్ళు, ఆరేసిన బట్టలు కనిపిస్తాయి. ఫోటోలు తీయకు, ఇక్కడివాళ్ళకి అది అస్సలు నచ్చదు.

తిండి విషయంలో జాగ్రత్త. చీజ్‌తో చేసే ష్పెట్స్‌లె (నూడుల్స్ లాంటిది) శాకాహారమనే ఇస్తారు కానీ ఆ పిండిలో గుడ్డుంటుంది. సూపుల్లో మాంసం కాచిన నీళ్ళుంటాయి. హాయిగా పులిహోర కట్టుకెళ్ళు. చిల్లర యూరోలు జేబులో ఉంచుకో, చాలా టాయిలెట్లకి డబ్బులివ్వాలి.

ఇంకొకరి జవాబు:
అన్న చెప్పినదానికి ఒక్కటి కలుపుతా. రాత్రి 10 నుంచి 12 దాకా అరగంటకోసారి ఆ గోపురం మీంచి కావలివాడు కేకేస్తాడు. 1440లో శత్రువుల లంచం తిన్న కావలివాళ్ళు కోట తలుపు గడియ పెట్టకుండా వదిలేశారనీ, ఓ పంది ఒళ్ళు రుద్దుకుంటుంటే ఆ తలుపు కదిలి గుట్టు బయటపడిందనీ ఆ కేక వెనకున్న కథ. వినాలనుంటే తిరుగు రైలు ముందే చూసిపెట్టుకో. లేదంటే చవక గది తీసుకుని ఆదివారం పొద్దున వచ్చెయ్, కానీ ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, పాలూ బ్రెడ్డూ శనివారమే కొనిపెట్టుకో.