ఇంట్లో ఇంజిన్ ఆయిల్ మార్చేటప్పుడు చాంబర్ బోల్టు విప్పాలా, గేజి గొట్టంలోంచి పంపుతో లాగాలా?

పటమట_హ్యాచ్‌బ్యాక్

అందరికీ నమస్కారం. నాది మారుతి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. వారంటీ అయిపోయింది కాబట్టి ఈసారి ఆయిల్, ఫిల్టర్ నేనే మార్చుకోవాలని ఉంది. విజయవాడ పటమటలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పార్కింగ్. నేల చదునుగానే ఉంటుంది కానీ బండి కింద దూరి చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) బోల్టు విప్పాలంటే జాకీ, స్టాండ్లు అన్నీ కొనాలి. ఆయిల్ గేజి (లెవెల్ చూసే కడ్డీ) తీసేసి, ఆ గొట్టంలోకి సన్న పైపు దించి, పాత ఆయిల్ పైకి లాగేసే చేతి పంపులు ఆన్‌లైన్‌లో చూశాను. బండి ఎత్తే పనే ఉండదు. మా ఆఫీసులో ఒకాయన మాత్రం "దాంతో మడ్డంతా అడుగునే ఉండిపోతుంది" అంటున్నారు. నిజమేనా? రెండూ చేసి చూసినవాళ్లు చెప్పండి.

ఆటోనగర్_మెకానిక్

ఆయన మాటలో నిజం ఉంది తమ్ముడూ. గేజి గొట్టం పెట్టింది లెవెల్ చూడటానికి, ఆయిల్ దించడానికి కాదు. చాంబర్‌లో అడ్డు రేకులున్న ఇంజిన్లలో పైపు కొస రేకుకి తగిలి ఆగిపోతుంది, లేకపోతే వంపు తిరిగి పైకి లేస్తుంది. గరగరమని గాలి లాగే శబ్దం రాగానే ఆయిల్ అయిపోయిందనుకుంటాం. బోల్టు అయితే చాంబర్‌లో అన్నిటికన్నా పల్లంలో ఉంటుంది.

నేను బోల్టు వైపు ఉండటానికి అసలు కారణం వేరే. లోపల ఏం జరుగుతోందో అక్కడే కంటికి కనిపిస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి సింగ్‌నగర్ వైపు నుంచి మునిగిన బండ్లు వరసపెట్టి వచ్చాయి. కొన్నిటికి గేజి తీసి చూస్తే ఆయిల్ మామూలుగానే ఉండేది. కింద బోల్టు వదులు చేయగానే ముందు బురదనీళ్లు పడేవి, ఆ తర్వాత నల్లగా ఆయిల్ దిగేది. నీళ్లు బరువు కాబట్టి అడుగున కూర్చుంటాయి. తొందరపడి స్టార్ట్ చేసిన బండ్లలో రెండూ కలిసిపోయి, పాలు ఎక్కువైన కాఫీ రంగులో వచ్చేది.

మామూలు సర్వీసులో కూడా బోల్టు కొసకి అంటిన ఆయిల్‌ని గ్లౌజు వేసుకున్న వేళ్ల మధ్య రుద్ది చూడు. మెత్తటి బూడిద రంగు పిండిలా ఉంటే అది మామూలు అరుగుదలే. తళతళ మెరిసే లోహపు రేణువులు తగిలాయంటే ఇంజిన్ చూపించుకోవాలి. పైనుంచి లాగితే ఆ రేణువులు లోపలే ఉండిపోతాయి.

బ్రాడీపేట_డీజిల్

మెకానిక్ గారూ, మునిగిన బండి సంగతి ఒప్పుకుంటాను. అక్కడ బోల్టు విప్పాల్సిందే. కానీ ఈయన అడిగింది ఏడాదికో పది వేల కిలోమీటర్లకో చేసుకునే మామూలు మార్పు గురించి. మాది గుంటూరు. చాలాకాలంగా పంపుతోనే లాగుతున్నాను.

మడ్డి భయం పాతకాలపు ఆయిళ్లప్పటిది. ఇప్పటి ఆయిల్‌లో మసి, మురికి కిందికి దిగిపోకుండా ఆయిల్‌లోనే తేలుతూ ఉండేలా డిటర్జెంట్లు, డిస్పర్సెంట్లు కలుపుతారు. ఆయిల్ నల్లబడేది అందుకే. ఇంజిన్ కాసేపు తిప్పి, వెచ్చగా ఉండగా లాగితే ఆ మురికి ఆయిల్‌తోనే వచ్చేస్తుంది. చాంబర్‌కి అట్ట కట్టిన మడ్డి అంటారా, అది బోల్టు విప్పినా రాదు. చాంబర్ దించి గోకాలి.

పడవల లోపల బిగించిన ఇంజిన్లకి కింద చోటే ఉండదు, వాటికి పంపుతో లాగడమే పద్ధతి. యూరప్‌లో తిరిగిన తొలి తరం స్మార్ట్ కార్లకైతే కంపెనీ డ్రైన్ బోల్టే పెట్టలేదు, గేజి గొట్టంలోంచే లాగాలి. ఇంజిన్లు పాడయ్యే పనైతే తయారు చేసినవాళ్లే అలా పెడతారా?

పంపుతో లాగాక ఎంత మిగిలిందో చూద్దామని ఒకసారి బోల్టు కూడా విప్పాను. టీ గ్లాసులో సగం కూడా రాలేదు. ఎలా దించినా ఆయిల్ దారుల్లో అంతో ఇంతో పాత ఆయిల్ ఉండిపోతూనే ఉంటుంది.

ఇక బోల్టుతో వచ్చే నష్టం గురించి ఎవరూ మాట్లాడరు. చాలా బండ్లలో చాంబర్ అల్యూమినియం, బోల్టు స్టీలు. సర్వీస్ సెంటర్లో కుర్రాడు ఎయిర్ గన్‌తో బిగించేస్తాడు, మూడో నాలుగో సర్వీసుకి మర పోతుంది. బంధువుల బండికి అలాగే జరిగి ఆయిల్ చుక్కచుక్కగా కారడం మొదలైంది, చివరికి చాంబర్ మార్చాల్సి వచ్చింది. విప్పని బోల్టుకి మర పోదు కదా.

ఆటోనగర్_మెకానిక్

అది బిగించినవాడి తప్పు, బోల్టుది కాదు. ముందు చేత్తోనే నాలుగైదు చుట్లు తిప్పాలి. బిగుసుగా వస్తుంటే మర తప్పిందని అర్థం, వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టాలి. ప్రతిసారీ కొత్త వాషర్ వేయాలి. పాత వాషర్ అణిగిపోయి ఉంటుంది, కారుతోందని ఇంకా ఇంకా బిగిస్తారు, మర పోయేది అక్కడే. మారుతి చిన్న పెట్రోల్ బండ్లకి మాన్యువల్‌లో ఈ బోల్టు బిగింపు 35 న్యూటన్ మీటర్లు అని ఉంటుంది. పొట్టి పానాతో చేతి బలం చాలు. నమ్మకం లేకపోతే ఎంత బిగించామో చూపించే టార్క్ రెంచి కొనుక్కో.

విద్యానగర్_గృహిణి

మా కారు పనులు నేనే చూసుకుంటాను కాబట్టి చెబుతున్నాను. మీరిద్దరూ ఇంజిన్ గురించి మాట్లాడుతున్నారు, కిందికి వెళ్లే మనిషి గురించి ఎవరూ మాట్లాడలేదు. బండితో వచ్చే జాకీ టైరు మార్చడానికే. దాని మీద నిలబెట్టి కింద పడుకోవద్దు, ఒక్క నిమిషం కూడా వద్దు. ఇటుకలు, సిమెంటు దిమ్మలు అసలు పెట్టొద్దు, బరువు పడితే ఉన్నట్టుండి పగిలిపోతాయి. హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకి రెండు వైపులా అడ్డం పెట్టి, మాన్యువల్‌లో చూపించిన చోటే స్టాండ్లు పెట్టాలి. పెట్టాక బండిని గట్టిగా ఊపి చూడాలి. కదలకపోతేనే కిందికి వెళ్లండి. ఇంట్లో ఇంకో మనిషి ఉన్నప్పుడే చేయండి.

స్టాండ్లు కొనే ఉద్దేశం లేకపోతే పంపే తీసుకోండి. నాలుగు చుక్కల పాత ఆయిల్ కోసం ప్రాణం మీదికి తెచ్చుకోకండి అన్నయ్యా.

పటమట_హ్యాచ్‌బ్యాక్

చాలా థ్యాంక్స్ అండి. స్టాండ్ల సంగతి నాకు తట్టనేలేదు. ఇంకో సందేహం. పాత ఆయిల్ ఏం చేయాలి? మా పక్క సైటు మేస్త్రీ సెంట్రింగ్ రేకులకి పూసుకుంటాను, ఇవ్వమన్నాడు.

కాలువగట్టు_కారు

ఇవ్వకండి. వానకి అది నేలలోకే దిగుతుంది. వాడేసిన ఆయిల్ ఏళ్ల తరబడి చర్మానికి తగిలితే కాన్సర్ ముప్పు ఉంది, ఆ కూలీలు ఒట్టి చేతులతో పూస్తారు. డ్రెయిన్‌లో మాత్రం అస్సలు పోయొద్దు. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు మన ఊరి మధ్య నుంచే పోతున్నాయి. దిగువన ఊళ్లలో ఎండాకాలం తాగునీటి చెరువులు నింపేది ఆ నీళ్లతోనే.

2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడేసిన ఆయిల్ కూడా ఉంది. దాన్ని శుద్ధి చేసి మళ్లీ వాడుకలోకి తెచ్చే బాధ్యత 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ కంపెనీల మీద పెట్టారు. కొత్త ఆయిల్ డబ్బాలోనే పాతది పోసి, మూత బిగించి, పాత ఆయిల్‌ని రీసైక్లింగ్‌కి పంపే సర్వీస్ సెంటర్‌కి ఇచ్చేయండి. ఈ విషయంలో పంపు మేలు. ఆయిల్ నేరుగా పంపుకున్న ట్యాంకులోకే వస్తుంది, సెల్లార్ నేల మీద చుక్క పడదు.

ఆటోనగర్_మెకానిక్

తమ్ముడూ, పంపు ఆర్డర్ పెట్టే ముందు నీ ఫిల్టర్ ఎక్కడుందో చూసుకున్నావా?

పటమట_హ్యాచ్‌బ్యాక్

ఇప్పుడే టార్చి వేసి చూశానండి. పైనుంచి చెయ్యి పట్టదు, కిందనుంచే తీయాలి.

బ్రాడీపేట_డీజిల్

అలాగైతే మీకు పంపు వద్దు. ఫిల్టర్ కోసం ఎలాగూ కిందికి వెళ్లాలి, వెళ్లాక బోల్టు పక్కనే ఉంటుంది. నా డీజిల్‌కి ఫిల్టర్ పైనే ఉంది కాబట్టి నాకు పంపుతో పని మొత్తం అయిపోతుంది. ఫిల్టర్ మార్చకుండా ఆయిల్ ఒక్కటే మార్చి సరిపెట్టుకోకండి.

ఆటోనగర్_మెకానిక్

నువ్వు కూడా రెండు మూడు మార్పులకోసారి బోల్టు విప్పి చూడు డీజిల్ అన్నా.

బ్రాడీపేట_డీజిల్

అది మాత్రం ఒప్పుకోలేను. మంచి ఇంజిన్‌ని చూడటం కోసమని విప్పను. లాగిన ఆయిల్‌ని తెల్లటి గిన్నెలో పోసి, అడుగున అయస్కాంతం తిప్పి చూస్తాను. ఇనుప రజను ఉంటే అక్కడే తెలుస్తుంది.

ఆటోనగర్_మెకానిక్

అయస్కాంతానికి ఇనుమే అంటుతుంది, బేరింగు పొర అంటదు. సరే, నీ బండి నీ ఇష్టం.

పటమట తమ్ముడూ, ఇంజిన్ వెచ్చగా ఉండగా దించు, కాలిపోయేంత వేడిలో కాదు. పైన ఆయిల్ మూత తీసి పెడితే తొందరగా దిగుతుంది. పాత ఫిల్టర్ తీశాక దాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడు. దాని మీద కొత్తది బిగిస్తే ఆయిల్ మొత్తం చిమ్మేస్తుంది. కొత్త రింగుకి కాస్త ఆయిల్ రాసి చేత్తోనే బిగించు. మాన్యువల్‌లో రాసినదానికి కొంచెం తక్కువే పోసి స్టార్ట్ చెయ్యి, డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ ప్రెషర్ లైటు ఆరిందో లేదో చూడు, ఆపి ఐదు నిమిషాలయ్యాక గేజి చూసి మిగతాది పొయ్యి. కింద బోల్టు దగ్గర, ఫిల్టర్ దగ్గర తెల్ల కాగితం పరిచి తెల్లారి ఒకసారి చూసుకో.