కాన్పు తరువాత యోగా తరగతులు: నా ఒంటికి రానిది ఇతరులకు ఎలా నేర్పను?

హిందూపురం ఆడపడుచు:

అందరికీ నమస్కారం. తొమ్మిదేళ్ళుగా బెంగళూరులో, మారతహళ్ళి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో యోగా నేర్పుతున్నాను. ఐదు నెలల క్రితం సిజేరియన్‌తో పాప పుట్టింది. ఎనిమిదో నెల వరకు తరగతులు తీసుకున్నాను, ఆ తరువాత ఆదాయం ఆగిపోయింది. 2017 చట్ట సవరణతో వచ్చిన 26 వారాల వేతన సెలవు పదిమంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థల్లోని ఉద్యోగినులకే వర్తిస్తుంది కనుక, తరగతి జరిగిన రోజుకే డబ్బు చేతికి వచ్చే నాలాంటివారికి అది అందలేదు. పాపకు రెండో నెల నడుస్తుండగా మావారి ఉద్యోగం పోయింది. మూడో నెల వెళ్ళాక, నాన్నగారికి ఒంట్లో బాగాలేక అమ్మ హిందూపురం వెళ్ళిపోయింది.

పోయిన వారం పాప నిద్రపోయినప్పుడు చాప పరచి, ఒకప్పుడు అవలీలగా నిలిపిన నావాసనం వేయబోయాను. కాళ్ళు లేపగానే బొడ్డుకు పైనా కిందా నిలువుగా ఒక గట్టులాగా పొట్ట ఉబికింది. భయపడి ఆపేశాను. అంతకంటే ఎక్కువగా బాధిస్తున్నది మరొకటి ఉంది. శ్వాస మీద ధ్యాస నిలపండని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పిన నేను, తెల్లవారుజామున నాలుగింటికి పాపకు పాలిచ్చి పడుకోబెట్టాక కారణం తెలియకుండా వెక్కివెక్కి ఏడుస్తున్నాను. ఇలా నెలన్నర దాటింది.

పాత విద్యార్థినులు వచ్చే నెల ఒకటో తేదీ నుంచి మొదలుపెట్టమని అడుగుతున్నారు. ఇంటికి డబ్బు అవసరం. కానీ నా ఒంటికే రాని ఆసనాన్ని, నా మనసుకే లేని నెమ్మదిని వాళ్ళకు నేర్పడం మోసం కాదా? కాన్పు తరువాత మళ్ళీ నేర్పిన టీచర్లు ఎవరైనా ఉంటే, ఎలా తిరిగి వచ్చారో దయచేసి చెప్పండి.

సంపిగె రోడ్డు టీచర్:

అమ్మా, మోసం కాదు. ఆ మాట ముందు చెప్పి, తరువాత నా సంగతి చెబుతాను.

మల్లేశ్వరంలో ఇరవై ఆరేళ్ళుగా నేర్పుతున్నాను. మా రెండోవాడికి ఏడు నెలల వయసప్పుడు మావారు స్కూటర్ మీద నుంచి పడి, వెన్నుకు దెబ్బ తగిలి, ఏడాదిన్నర మంచం మీదే ఉన్నారు. ఇంటి అద్దె, మందులు, పెద్దదాని బడి ఫీజు అన్నీ నా తరగతుల మీదే పడ్డాయి. ఒక దుకాణం పైనున్న గదిని పొద్దున పూట రెండు గంటలకు అద్దెకు తీసుకుని, పైకప్పు కొక్కేనికి పాత చీరతో ఉయ్యాల కట్టి, వాడు ఉయ్యాలలో ఉండనన్న రోజున చంకనెత్తుకుని నేర్పేదాన్ని. చంకలో బిడ్డ ఉండగా త్రికోణాసనం వేసి చూపించలేం గదా. నోటితో చెప్పడం, వరుసల మధ్య నడుస్తూ చూడడం తప్ప మరో దారి లేకపోయింది.

అలా చూడవలసి వచ్చాకే, అప్పటివరకు విద్యార్థులు నన్ను చూసేవారే గాని నేను వాళ్ళను చూసేదాన్ని కాదని తెలిసింది. వీరభద్రాసనంలో ఒకావిడ వెనక పాదం బయటి అంచు నేలను వదిలేస్తోంది. మరొకావిడ చేతులు పైకెత్తిన ప్రతిసారీ ఊపిరి బిగబడుతోంది. ఇద్దరూ నాలుగేళ్ళుగా నా దగ్గర నేర్చుకుంటున్నవాళ్ళు. చాప మీద నా ఆసనం ఎంత చక్కగా కుదిరిందో చూసుకుంటూ గడిపిన ఆ నాలుగేళ్ళలో వాళ్ళ పాదమూ ఊపిరీ నా కంట పడనే లేదు.

జీవితపు చివరి దశాబ్దాలు చెన్నైలో గడిపిన యోగ గురువు తిరుమలై కృష్ణమాచార్యులవారు (1888–1989) 96 ఏళ్ళ వయసులో తుంటి ఎముక విరిగినప్పుడు శస్త్రచికిత్స వద్దని, మంచం మీదనే చేసుకోగల సాధనను తానే రూపొందించుకున్నారు. ఆయన కుమారుడు దేశికాచార్ 1976లో అక్కడ స్థాపించిన యోగ మందిరం నిలబడిందే మనిషికి తగినట్టు సాధనను మార్చాలన్న పద్ధతి మీద. మన పరంపరలోనే ఇంత చోటు ఉండగా, పచ్చి ఒంటితో ఉన్న బాలింత కుర్చీలో కూర్చుని నేర్పితే ఏ గురువు తప్పు పడతారు?

ఒక్క విషయంలో మాత్రం నన్ను అనుసరించకండి. మొదటి కాన్పు తరువాత నలభై రోజులకే పూర్తి సూర్యనమస్కారాలు మొదలుపెట్టాను. ఆ తరువాత నాలుగేళ్ళపాటు దగ్గినా తుమ్మినా మూత్రం పడేది. యోగా టీచరుకు ఇలా కావడమేమిటని సిగ్గుపడి మా అమ్మకు కూడా చెప్పలేదు, ముదురు రంగు దుస్తులు వేసుకుని నెట్టుకొచ్చాను. అప్పుడే నోరు విప్పి ఉంటే అన్నేళ్ళు పట్టేది కాదు.

కె.ఆర్.పురం ఫిజియో:

టీచరుగారు చివర చెప్పిన మాట బయటికి చెప్పుకునేవారు చాలా తక్కువ, వారికి నా కృతజ్ఞతలు. ప్రశ్న అడిగిన అమ్మగారికి ఆ గట్టు గురించి చెబుతాను. పొట్ట ముందు భాగంలో నిలువుగా రెండు కండరాల పట్టీలు ఉంటాయి, వాటిని మధ్యలో లీనియా ఆల్బా అనే కణజాలం కలుపుతుంది. గర్భం పెరిగేకొద్దీ అది సాగి పట్టీలు ఒకదానికొకటి దూరమవుతాయి. దీనినే డయాస్టాసిస్ రెక్టై అంటారు. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, తల కొద్దిగా ఎత్తి, బొడ్డుకు పైనా కిందా వేళ్ళతో తాకి చూస్తే ఎడం తెలుస్తుంది. సుమారు రెండు వేళ్ళకు మించితే ఎడం ఉన్నట్టు లెక్క, అయితే వెడల్పుతో పాటు అక్కడి కణజాలం ఎంత గట్టిగా ఉందన్నదీ చూడాలి.

గట్టు లేపే పని ఏదైనా ప్రస్తుతానికి మానాలి. నావాసనం, రెండు కాళ్ళూ ఒకేసారి ఎత్తడం, పొట్టను లోపలికి లాగుతూ ఊపిరిని వేగంగా బయటికి నెట్టే కపాలభాతి ఇందులోకి వస్తాయి. నెమ్మదిగా ఊపిరి వదులుతూ కటి కండరాలను, అంటే మూత్రాన్ని ఆపుకునే అడుగు కండరాలను, పైకి తీసుకుని, పీల్చేటప్పుడు పూర్తిగా వదిలేయడంతో మొదలుపెట్టండి. ఆ కండరాలనే బిగించే మూలబంధం నేర్పేవారిలో చాలామంది బిగించడం గురించి చెప్పినంతగా వదలడం గురించి చెప్పరు, ఆ వదలడం కూడా అంతే అవసరం. ఒకటో తేదీకి ముందే మీ ప్రసూతి వైద్యురాలికి కుట్లు చూపించి, కటి కండరాల చికిత్స తెలిసిన ఫిజియోథెరపిస్టు చేత పరీక్ష చేయించుకోండి. నోటితో చెబుతూ తరగతి నడపడానికి ఆ ఎడం అడ్డు కాకూడదు.

బీటీఎం నుంచి ఒక తల్లి:

అక్కా, అందరూ పొట్ట గురించి చెప్పారు గాని నాకు ఆ నాలుగింటి ఏడుపు గురించే బెంగగా ఉంది. కాన్పయిన మొదటి రెండు వారాల్లో వచ్చిపోయే దిగులు వేరు, నెలన్నరగా ఉంటున్నది వేరు. నాకూ ఇలాగే అయింది. పాలు తాగే బిడ్డను చూస్తూ కూడా ఏమీ అనిపించని రోజులు గడిచాయి. పసిబిడ్డ ఇంట్లో ఉండగా కన్నీళ్ళు పెట్టకూడదని మా అత్తగారు అనేవారు, ఆవిడ ఉద్దేశం మంచిదే, కానీ నేను స్నానాల గదిలో దాక్కుని ఏడవడం మాత్రమే దానితో నేర్చుకున్నాను. చివరికి డాక్టరుగారు కాన్పు తరువాతి దిగులును గుర్తించే పది ప్రశ్నల ఎడిన్‌బరో పట్టిక నింపించి, ఇది ప్రసవానంతర డిప్రెషన్ అని చెప్పి, మందు రాశారు. పాలిస్తూనే వాడదగ్గ మందులు ఉన్నాయి, అది వైద్యులే నిర్ణయిస్తారు.

మన ఊళ్ళోనే నిమ్హాన్స్ మానసిక వైద్యశాలలో తల్లీబిడ్డలను కలిపి చేర్చుకునే వార్డు 2009 నుంచి ఉంది. అంత దూరం వెళ్ళే ఓపిక ఇవాళ లేకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులో కూడా మాట్లాడతారు. మీకు గాని పాపకు గాని హాని చేయాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా తెల్లవారే దాకా ఆగకుండా మీవారిని లేపి ఆసుపత్రికి వెళ్ళండి. ప్రాణాయామంతో సరిచేసుకోవాలని మిమ్మల్ని మీరు పరీక్షకు పెట్టుకోకండి.

హిందూపురం ఆడపడుచు:

ముగ్గురి జవాబులూ మావారికి చదివి వినిపించాను. నాలుగింటి సంగతి ఆయనకు ఇవాళే తెలిసింది, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాత తానే 14416కు ఫోన్ కలిపి నా చేతికిచ్చారు. సోమవారం ప్రసూతి వైద్యురాలి దగ్గరికీ, వారం చివర ఫిజియోథెరపిస్టు దగ్గరికీ వెళుతున్నాం.

తరగతులు వారానికి మూడు రోజులే ఉంచి, ఆ గంట పాపను మావారు చూసుకునేట్టు అనుకున్నాం. ఫోన్ చేసిన విద్యార్థినికి ఉన్నమాట చెప్పేశాను: కొన్నాళ్ళు ఆసనాలు వేసి చూపించలేను, కుర్చీలో కూర్చునే చెబుతాను, ఇష్టమైతే రండి అని. ఐదేళ్ళుగా నా తరగతికి వస్తున్న ఆవిడ కాసేపు ఆగి, తనకూ ఒక కుర్చీ తెచ్చుకోవచ్చా అని అడిగారు. మూడేళ్ళ నుంచి మోకాళ్ళు నొప్పులట, వజ్రాసనంలో పంటి బిగువున కూర్చునేవారట, నాతో చెప్పడానికి మొహమాటపడ్డారట.