ఇటలీలో సరస్సు పక్కన రెండు రాత్రులు: వరెన్నానా, దెసెంజానోనా?

అక్టోబర్ మొదటి వారంలో అమ్మానాన్నలతో మొదటిసారి ఇటలీ వెళ్తున్నాం. రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ చూసుకుని మిలాన్‌లో ఫ్లైట్ ఎక్కాలి. అంతా రైల్లోనే. వెనిస్ తర్వాత రెండు రాత్రులు ఏదైనా సరస్సు పక్కన ఉందామని ఆశ.

నా మనసంతా కోమో సరస్సు మీదున్న వరెన్నా మీదే. మిలాన్ సెంట్రల్ నుంచి రైల్లో గంట పైచిలుకు, అక్కడి నుంచి పడవలో పావుగంటలో బెల్లాజో అనే ఊరు. కానీ ఫోటోల్లో చూస్తే సందులన్నీ రాళ్లు పరిచిన మెట్లే! అమ్మకు మోకాళ్ల నొప్పులు. పైగా మా ఇంట్లో పెద్ద సూట్‌కేసులు రెండు, ఆవకాయ సీసా ఉన్న బ్యాగు ఒకటి తప్పనిసరి.

గార్డా సరస్సు మీది దెసెంజానో అయితే వెనిస్–మిలాన్ దారిలోనే ఉంది, రైలు మారక్కర్లేదు. సిర్మియోనే కోట కూడా దగ్గరే. కానీ కొండల అందం వరెన్నాకే ఎక్కువేమో అనిపిస్తోంది. మజ్జోరే సరస్సు మీది స్ట్రేసా గురించి కూడా చూశాను గానీ, మిలాన్ దాటి అటువైపు వెళ్లి మళ్లీ వెనక్కి రావాలి.

పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? వరెన్నాలో స్టేషన్ నుంచి పడవల రేవు దాకా సామానుతో నడవగలమా? లేక సామాను మిలాన్‌లో పెట్టేసి పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేయడమే నయమా?