సిమ్ లీగ్ ప్లేఆఫ్స్: ప్రివ్యూ రాసేముందు సిరీస్‌ని వెయ్యిసార్లు ఆడించి చూడొచ్చా?

స్కోరుపుస్తకం:
రేపటి నుంచి మన బేస్‌బాల్ సిమ్ లీగ్‌లో (మనం మేనేజర్లం, ఆటలు కంప్యూటర్ ఆడిస్తుంది) ప్లేఆఫ్స్, అంటే సీజన్ చివరి నాకౌట్ పోటీల డివిజన్ సిరీస్‌లు. ఐదు ఆటలు, మూడు గెలిస్తే ముందుకి. ప్రివ్యూ రాసే పని ఈసారి నా మెడకి చుట్టుకుంది. మిగతావన్నీ రాసేశాను, ఒకటో సీడ్‌కీ నాలుగో సీడ్‌కీ (సీడ్ అంటే ప్లేఆఫ్స్‌లో టీముకిచ్చే ర్యాంకు) మధ్య సిరీస్ దగ్గర ఆగిపోయాను. ఒకరు 98 ఆటలు గెలిచారు, ఇంకొకరు 88. ఏం రాయాలో తోచక లీగ్ ఫైలు కాపీ తీసుకుని ఈ ఒక్క సిరీస్‌ని వెయ్యిసార్లు ఆడించాను. ఒకటో సీడ్ దాదాపు 62 శాతం సార్లు గెలిచింది. ఆ అంకెని ప్రివ్యూ మొదటి లైన్లోనే పెడతానని లీగ్ నడిపే కమిషనర్ గారికి చెప్పాను. ఆయన అవుననలేదు, కాదనలేదు, "ముందు అందర్నీ అడుగు" అన్నారు. అందుకే అడుగుతున్నాను. నిజం బేస్‌బాల్ మీద రాసేవాళ్లకి దొరకని సౌకర్యం ఇది. చేతిలో ఉన్నప్పుడు వాడుకుంటే తప్పేంటి?

పాచిక:
తప్పే. నేను కంప్యూటర్ మీద కాదు, కార్డులతో ఆడటం మొదలుపెట్టినవాణ్ని. స్ట్రాట్-ఓ-మాటిక్ అనే కార్డులూ పాచికల బేస్‌బాల్ ఆట 1961 నుంచి ఉంది, ఇప్పటికీ దాని పద్ధతి అదే. ఒక పాచికలో 1, 2, 3 పడితే బ్యాటర్ కార్డు చూడాలి, 4, 5, 6 పడితే పిచ్చర్ (బంతి విసిరేవాడి) కార్డు. మిగతా రెండు పాచికలు కలిపితే ఏ వరుసో తెలుస్తుంది. కొన్నిసార్లు ఆ వరుసలో ఫలితం రెండు ముక్కలుగా ఉంటుంది: 1 నుంచి 12 దాకా హోమ్ రన్, 13 నుంచి ఫ్లై ఔట్. అప్పుడు ఇరవై ముఖాల పాచిక తీయాలి. తొమ్మిదో ఇన్నింగ్స్, ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం, బేస్ మీద ఒకడున్నాడు, ఆ ఇరవై ముఖాలది బల్ల మీద దొర్లి దొర్లి అంచు దగ్గర ఆగబోతూ ఇంకో పల్టీ కొడుతుంది చూడండి, ప్లేఆఫ్స్ అంటే నాకు అదీ. దాన్ని వెయ్యిసార్లు దొర్లించి చూసి వచ్చేసి, ఇప్పుడు వెయ్యిన్నొకటోసారి చూద్దాం రండి అంటే నాకు రాబుద్ధి కాదు.

ఎక్సెల్ షీటు:
పాచిక గారి బాధ అర్థమైంది కానీ ఆ 62కి వెయ్యి సిమ్‌లు అక్కర్లేదు, కాగితం చాలు. బేస్‌బాల్ గణాంకాల నిపుణుడు బిల్ జేమ్స్ లాగ్5 అని ఒక సూత్రం ఇచ్చాడు. రెండు టీముల గెలుపు నిష్పత్తులు తెలిస్తే వాళ్లిద్దరూ తలపడితే ఒక ఆట ఎవరు గెలుస్తారో అంచనా వేస్తుంది. సీజన్‌లోని 162 ఆటల్లో 98 గెలుపులంటే .605, 88 అంటే .543. సూత్రంలో వేస్తే ఒకటో సీడ్‌కి ఒక్కో ఆటలో 56 శాతం వస్తుంది. 56 శాతం టీము ఐదు ఆటల సిరీస్ గెలిచే అవకాశం 62 దగ్గరే. ఏడు ఆటలు పెట్టినా 64 దాటదు. పది గెలుపుల తేడా అంతలా కనిపిస్తుంది కానీ పొట్టి సిరీస్‌లో దాని బలం ఇంతే.

ఇంకో మాట. వెయ్యిసార్లు ఆడించినా రెండు మూడు శాతం అటూ ఇటూ ఊగుతుంది. మళ్లీ ఆడిస్తే 60 రావచ్చు, 64 రావచ్చు. కాబట్టి అంకె పెట్టండి, కానీ అదేదో జాతకం అన్నట్టు రాయకండి. నన్నడిగితే గెలుపోటముల కన్నా చేసిన పరుగులు, ఇచ్చిన పరుగులు చూసి లెక్కేయడం మేలు. ఒక్క పరుగు తేడాతో గెలిచిన ఆటలు ఎక్కువుంటే రికార్డు ఉబ్బిపోయి కనిపిస్తుంది.

ఎడంచేతివాటం:
ఎక్సెల్ గారూ, మీరు తెలియకుండానే అసలు విషయం బయటపెట్టారు. కాగితం మీదా 62, సిమ్‌లోనూ 62. అంటే ఆ సిమ్ ప్లేఆఫ్స్ ఆడలేదండీ, రెగ్యులర్ సీజన్‌నే ఇంకో ఐదు ఆటలు పొడిగించింది. మన బదులు సాఫ్ట్‌వేరే నిర్ణయాలు తీసుకునే ఆటో మేనేజర్ ఏం చేస్తాడు? ఐదుగురు స్టార్టర్లని (ఆట మొదలుపెట్టే పిచ్చర్లని) వరసగా దింపుతాడు. ఆరో ఇన్నింగ్స్‌లో పిచ్చర్ అలిసిపోతే అప్పుడు నిద్ర లేస్తాడు. క్లోజర్‌ని (ఆట చివర్లో దింపే పిచ్చర్‌ని) తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా డబ్బాలో దాస్తాడు. ప్లేఆఫ్స్‌లో మనలో ఎవరైనా అలా ఆడతామా?

2001 వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ ఫైనల్) గుర్తు తెచ్చుకోండి. అరిజోనా 92 గెలుపుల టీము, యాంకీస్ 95. కర్ట్ షిల్లింగ్ 1, 4, 7 ఆటలు మొదలుపెట్టాడు, రాండీ జాన్సన్ 2, 6 ఆటలు. ఆరో ఆటలో ఏడు ఇన్నింగ్స్ వేసిన జాన్సన్, మర్నాడు ఏడో ఆటలో రిలీవర్‌గా (ఆట మధ్యలో దిగే పిచ్చర్‌గా) వచ్చి చివరి నాలుగు ఔట్లు తీశాడు. అరిజోనా గెలిచిన నాలుగూ ఈ ఇద్దరి ఖాతాలోనే పడ్డాయి. నిన్న ఏడు ఇన్నింగ్స్ వేసినవాణ్ని ఇవాళ మళ్లీ దింపే ఆటో మేనేజర్‌ని నేనింతవరకూ చూడలేదు. మన నాలుగో సీడ్‌కి ఇద్దరు గట్టి స్టార్టర్లున్నారు. ఐదు ఆటల్లో నాలుగు వాళ్లిద్దరే మొదలుపెడితే ఆ 62 ఏమవుతుందో నాకు చెప్పండి.

ఎక్సెల్ షీటు:
ఏమవుతుంది, ఒక్కోసారి ఇంకా ఘోరమవుతుంది. 2023 సీజన్లో డాడ్జర్స్ 100 గెలిచారు, అదే అరిజోనా 84. ప్లేఆఫ్స్‌లో ఇద్దరూ తలపడితే మూడు ఆటల్లో సిరీస్ ముగిసింది, మూడూ అరిజోనావే. డాడ్జర్స్ స్టార్టర్లు ముగ్గురూ కలిపి ఐదు ఇన్నింగ్స్ కూడా పూర్తి చేయలేదు. క్లేటన్ కెర్షా అంతటివాడు మొదటి ఆటలో ఒక్క ఔటు తీసి వెళ్లిపోయాడు. మూడు రోజుల విరామం మీద ఏస్‌ని (టీములో మేటి స్టార్టర్‌ని) దింపితే అలసట లెక్క మన సాఫ్ట్‌వేర్ కూడా వేస్తుంది. ఇద్దరినే నమ్ముకోవడం వీరత్వంలా కనిపిస్తుంది, కలిసిరాకపోతే మాత్రం వెర్రితనం అంటారు.

ఎడంచేతివాటం:
ఒప్పుకున్నా. నేను ఇద్దరితో నెగ్గుతారని అనలేదు, దింపాలా వద్దా అని ఎవరో ఒకరు కూర్చుని ఆలోచిస్తారు అన్నాను. ప్రివ్యూ రాయాల్సింది దాని గురించి.

ఈ ఆటో మేనేజర్ మీద నాకు పాత పగ ఉందిలెండి. పోయిన సీజన్లో నిర్ణాయక ఆట ముందు రోజు ఊరెళ్లే హడావిడిలో రొటేషన్ (స్టార్టర్లు దిగే వరస) సెట్టింగ్ మార్చడం మర్చిపోయాను. ఏస్‌కి నాలుగు రోజుల విశ్రాంతి దొరికింది, శుభ్రంగా ఉన్నాడు. అయినా వరస ప్రకారం ఐదోవాడు దిగాడు. మూడో ఇన్నింగ్స్‌కే ఆరు పరుగులు. బాక్స్ స్కోర్ తెరిచి పిచ్చర్ల వరుసలో ఆ పేరు చూడగానే మిగతాది చదవకుండా మూసేశాను. తప్పు నాదే, ఒక్క టిక్కు తీసేస్తే సరిపోయేది. కానీ స్కోరుపుస్తకం గారి వెయ్యి సిరీస్‌ల్లో అలాంటివి ఎన్ని ఉన్నాయో ఆయన చూశారా?

స్కోరుపుస్తకం:
చూడలేదు. మీరన్నాక ఇప్పుడే ఒక పది తెరిచాను. నాలుగింట్లో నాలుగో సీడ్ తరఫున నాలుగో ఆటకి నాలుగో స్టార్టరే దిగాడు. మనిషెవరూ ఆ పని చేయడు. నా అంకె కొంచెం పలచబడిందని ఒప్పుకుంటున్నా.

నాలుగోసీడ్:
నా టీము గురించి ఇంత మాట్లాడుకుంటున్నారు, చివరికి నేనే రావాల్సి వచ్చింది.

62 నాకేం నొప్పి కలిగించలేదు. 38 అంటే తక్కువేం కాదు. నా బాధ వేరే. స్కోరుపుస్తకం గారు ఫైలు కాపీ తీసుకుని వెయ్యిసార్లు ఆడించగలిగారంటే ఒకటో సీడ్ మేనేజర్ కూడా ఆడించగలడు కదా? ఆయన నా ఎడంచేతి స్టార్టర్‌ని మొదటి ఆటలో పెట్టి వెయ్యి, రెండో ఆటలో పెట్టి వెయ్యి, తన బ్యాటింగ్ ఆర్డర్ అటూ ఇటూ మార్చి ఇంకో వెయ్యి ఆడిస్తాడు. నేను ఇక్కడ కాగితం ముక్క మీద వాళ్ల కుడిచేతి బ్యాటర్లని లెక్కపెట్టుకుంటూ ఉంటాను. ప్రివ్యూలో అంకె పెట్టాలా వద్దా అని కొట్టుకుంటున్నారు, ఫైలు ఎవరి చేతిలో ఉందో ఎవరూ అడగట్లేదు.

ఎక్సెల్ షీటు:
అది తయారీ అండీ, మోసం కాదు. అసలు టీములు కూడా లెక్కలు వేసుకునే మైదానంలోకి దిగుతాయి. మీరూ ఆడించుకోండి, ఎవరు వద్దన్నారు?

పాచిక:
ఇప్పుడు ఇద్దరు మేనేజర్లూ కలిసి పదివేల సిరీస్‌లు ఆడేసి, తర్వాత అసలుది ఆడతారన్నమాట. బాగుంది. నా ఇరవై ముఖాల పాచికని పెట్టెలో పెట్టేస్తాను.

కమిషనర్:
ఇద్దరు ముగ్గురు విడిగా కూడా రాశారు, అందుకే చెబుతున్నాను. ఈ సీజన్‌కి ఫైలు ఇప్పటికే అందరి దగ్గరా ఉంది, వెనక్కి తీసుకోలేను. వచ్చే సీజన్ నుంచి రెగ్యులర్ సీజన్ అయ్యాక ప్లేఆఫ్స్ ముగిసేదాకా కొత్త ఫైలు పెట్టను, రిపోర్టులు మాత్రమే ఇస్తాను. పాత ఫైలుతో ఎవరైనా ఆడించుకుంటే ఆపలేను. ప్రివ్యూ సంగతి స్కోరుపుస్తకం గారి ఇష్టం.

ఎక్సెల్ షీటు:
నాకు నచ్చలేదు. సమాచారం దాచడం ఏ సమస్యకీ మందు కాదు. ఓటు పెడితే వ్యతిరేకంగా వేస్తాను, రాసి పెట్టుకోండి.

స్కోరుపుస్తకం:
ప్రివ్యూ తిరగరాశాను. 62 మొదటి లైన్లోంచి తీసి కింద పెట్టాను, ఆటో మేనేజర్లతో ఆడిస్తే వచ్చిందని పక్కనే రాశాను. పైన మూడు పేరాలూ నాలుగో సీడ్ ఆ ఇద్దరు స్టార్టర్లని ఎలా వాడొచ్చు, మూడో ఆట పోతే నాలుగో ఆటకి ఏస్‌ని తొందరగా దింపుతారా అన్నదాని మీదే. ఒకటో సీడ్ బుల్‌పెన్‌లో (రిలీవర్ల బృందంలో) ఎడంచేతివాళ్లు ఒక్కరే ఉన్నారు, ఆ ఒక్కర్నీ ఎప్పుడు ఖర్చుపెడతారన్నది కూడా పెట్టాను. ఒక్క ఖాళీ మిగిలింది. నాలుగోసీడ్ గారూ, మొదటి ఆటకి ఎవర్ని దింపుతున్నారు? పేరు చెబితే పోస్ట్ చేసేస్తాను.

నాలుగోసీడ్:
లైనప్ షీటు పంపడానికి రాత్రి పది దాకా టైముంది కదండీ. ఖాళీ అలాగే ఉంచండి.