అప్‌డేట్: బరంపురంలో అప్పగించిన ల్యాబ్రడార్‌కు విరేచనాలు తగ్గాయి

యజమానులు విదేశం వెళ్తూ మా దంపతులకు అప్పగించిన ల్యాబ్రడార్‌కి తిండి మారగానే విరేచనాలని అడిగాను కదా, తగ్గాయి. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ముందు ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చికెన్, మెత్తటన్నం రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టాం. విరేచనం గట్టిపడ్డాకే కొత్త తిండి: రెండు రోజులు పావు వంతు, రెండు రోజులు సగం, రెండు రోజులు ముప్పావు, ఏడో రోజు పూర్తిగా. ఒక్కసారిగా మారిస్తే పేగుల్లోని సూక్ష్మజీవులు తట్టుకోలేవు.

మన ఇళ్లలో అసలు ప్రమాదం ఉల్లి, వెల్లుల్లి వేసిన దాల్మా (పప్పు, కూరగాయలు కలిపి వండే ఒడియా వంటకం). ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఉడికించినా విషం పోదు. దయచేసి మిగిలింది కూడా పెట్టకండి.

రక్తం పడినా, వాంతులు తోడైనా ఆ రోజే పశువైద్యుడి దగ్గరికి. ఇంట్లో ఉన్న పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రం వెయ్యొద్దు.